ఒకే కూడు, వేర్వేరు బరువులు

నేను ఒక బరువు తూచే యంత్రాన్ని. ఒక ఇనప పలక, దాని వెనక నిలువు స్తంభం, స్తంభం మీద గోడ గడియారమంత గుండ్రటి ముఖం, ఆ ముఖంలో ఒక ఎర్ర ముల్లు. ఇంతే నా శరీరం. నాకొచ్చిన విద్య కూడా ఒక్కటే. పలక మీద ఎంత ఉంటే అంత అని చెబుతాను. ఎందుకంత ఉందో చెప్పను, నాకు తెలియదు కాబట్టి. ఈ చిన్న ముక్క మనుషుల బుర్రకెక్కించడం నా వల్ల కాలేదు. ముల్లు కాస్త కుడికి జరిగితే ఆ మనిషి తిండిపోతట, ఎడమకి జరిగితే బుద్ధిమంతుడట. నేనెప్పుడన్నానండీ ఆ మాట? నేను అంకె చెప్పాను, అంతే. మిగిలిన తీర్పంతా వాళ్ళే రాసుకుని నా మొహాన అంటించారు.

ఒక ఇరుకు షెడ్డులో పుట్టాను. నా స్ప్రింగు బిగించిన మేస్త్రీ చుట్ట కాలుస్తూ నన్ను పదేపదే సరిచేసి, "ఇంక నీ ఇష్టం" అన్నట్టు ఒక చరుపు చరిచి లారీ ఎక్కించాడు. మొదటి కొలువు ఒక జూట్ మిల్లు డిస్పెన్సరీలో. నార దుమ్ము పీల్చి పీల్చి ఎండిపోయిన కూలీలు దగ్గుకుంటూ వచ్చేవారు. మందులు వాడుతూ మళ్ళీ వచ్చి నా మీదెక్కేవారు. ముల్లు కాస్త కుడికి జరిగిందా, కాంపౌండరు నవ్వి "ఒళ్ళు చేశావయ్యా" అనేవాడు. అప్పుడా మనిషి మొహం చూడాలి! వెంట వచ్చిన పెళ్ళాం నా ముల్లుకేసి దణ్ణం పెట్టేది. బరువు పెరగడం అక్కడ శుభవార్త.

తర్వాత మిల్లుకి తాళం పడింది. బెంచీలు, బీరువాలతో పాటు నన్నూ వేలం వేశారు. విజయనగరం అవతల ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పే ఒక ట్రస్టు హాస్టల్ వాళ్ళు కొని తెచ్చి, శిక్షణ హాలు నడిమధ్యన నిలబెట్టారు. అదే ముల్లు, అదే కుడి, అదే ఎడమ. కానీ ఇక్కడ బరువు పెరగడం నేరం. మనుషుల ఆనవాయితీలు ఊరు దాటితే తలకిందులవుతాయని నాకెవరూ చెప్పలేదు.

ఆ నేరానికి న్యాయమూర్తి చిన్నంనాయుడు మాస్టారు. ఒకప్పుడు మంచి లిఫ్టరు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాడు. చెడ్డవాడని నేననను. పిల్లకి జ్వరమొస్తే రిక్షా కోసం తనే పరిగెత్తేవాడు. అయితే గొంతు పెద్దది, నమ్మకం దానికన్నా పెద్దది. ఆయన నమ్మకం ఏమిటంటే, ఒంటి బరువుకీ నోటికీ మధ్య ఇంకేమీ లేదు. నోరు కట్టుకుంటే తగ్గుతుంది, వదిలేస్తే పెరుగుతుంది. రోజూ పొద్దున్నే పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ నా మీదెక్కించి, అంకెని హాలు ప్రతిధ్వనించేలా చదివేవాడు.

ఆ వరసలో ఇద్దరు పిల్లలుండేవారు, నూకరత్నం, హైమావతి. ఒకే ఊరివాళ్ళు, ఒకే ఈడు, ఇంచుమించు ఒకే ఎత్తు. ఒకే బస్సులో, ఒకే ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకుని హాస్టల్‌కి వచ్చారు. ఇద్దరూ యాభై అయిదు కిలోల తరగతిలో పోటీ చేస్తారు, అంటే పోటీ రోజున ఒంటి బరువు యాభై అయిదు దాటకూడదు. భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చునేవారు. వంటమనిషి గున్నమ్మ ఒకే గరిటెతో ఇద్దరికీ వడ్డించేది. హాలుకీ భోజనాల గదికీ మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది గనక ఇదంతా నాకు కనిపించేది.

హైమావతి మళ్ళీ పెట్టించుకునేది. మళ్ళీ, ఇంకోసారి. చివర్లో గిన్నె అడుగున మాడింది కూడా గోకించుకుని తినేది. మర్నాడు నా మీదెక్కితే ముల్లు నిన్నటి చోటే. నూకరత్నం ఒక్కసారి వడ్డించింది తిని చెయ్యి కడుక్కునేది. ముల్లు కుడికి.

నేను గమనించిన తేడా ఒకటుంది. హైమావతి నా మీద ఎప్పుడూ కుదురుగా నిలబడలేదు. మడమలెత్తుతుంది, నడుం తిప్పుతుంది, వెనకవాళ్ళతో సైగలు చేస్తుంది. ముల్లు పిచ్చిదానిలా ఊగుతుంటే మాస్టారు "ఒలే, కుదురుగా నిలబడ్డమే రాదా నీకు?" అని కసిరేవాడు. చాప మీద కూర్చున్నా మోకాలు ఆడిస్తూనే ఉండేది. నూకరత్నం ఎక్కితే రాయి నిలబడ్డట్టే. తేలిగ్గా తూచగలిగిన పిల్ల. అందుకే ఆమె అంకె అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా వినబడేది.

"యాభై ఏడు! ఏటి తిన్నావే రాత్రి?"

"అందరూ తిన్నదే తిన్నాను మాస్టారూ."

"అందరూ తిన్నదే తింటే అందరిలాగే ఉండాల గదా!"

ఈ వాదనకి జవాబేమిటో నూకరత్నానికి తెలియదు. నాకూ తెలియదు. కానీ జవాబు తెలియకపోవడం వేరు, జవాబు లేకపోవడం వేరు. ఆ తేడా మాస్టారుకి పట్టలేదు. నూకరత్నం మెడ వంచుకుని దిగేది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమనేవారు.

రాష్ట్ర స్థాయి పోటీలు దగ్గరపడ్డాయి. వాటిలో ఒక్కో తరగతిలో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళకి పెద్ద అకాడమీలో సీటు. చదువు, తిండి, శిక్షణ అన్నీ అక్కడే. రానివాళ్ళు ఇంటికే. నూకరత్నానికి ఇల్లంటే జీడిపిక్కల బట్టీ. వాళ్ళమ్మ గౌరమ్మ అక్కడే పిక్కలు కొడుతుంది. ఆ జీడి రసానికి ఆమె వేళ్ళ చర్మం ఊడిపోయి గరుకుగా, నల్లగా ఉంటాయని నూకరత్నం ఒకసారి హైమావతితో చెబుతుంటే విన్నాను. "అక్కడికి మళ్ళీ ఎల్లలేనే" అంది. బరువులెత్తడంలో ఆ పిల్లని మించినవాళ్ళు హాస్టల్లో లేరు. అడ్డమల్లా నేను చెప్పే అంకె.

మాస్టారు నూకరత్నానికి సగం తిండి పెట్టమని గున్నమ్మకి హుకుం జారీ చేశాడు. అన్నం సగం, పప్పు సగం, గుడ్డు ఒక్కటి. పైగా చెమట కారి బరువు తగ్గాలని మండుటెండలో ఒంటికి రెయిన్‌కోటు చుట్టుకుని మైదానం చుట్టూ పరుగు. మొదట్లో ముల్లు దిగింది. మాస్టారు విజయగర్వంతో చుట్టూ చూశాడు. "చూశారా? నోరు!" అన్నాడు. తర్వాత ముల్లు ఆగిపోయింది. ఎంత ఉరికినా, ఎంత మాడినా, అక్కడే.

ముల్లు కదలకపోతే ఎవరి తప్పు? మొదట నాదన్నారు. బరువు రాసి ఉన్న రెండు ఇనప బిళ్ళలు పెట్టి పరీక్షించారు. బిళ్ళల బరువు సరిగ్గా చెప్పాను. ఇంక నూకరత్నమే దొంగ అని తేలిపోయింది. బిళ్ళలు అబద్ధమాడవు, యంత్రం అబద్ధమాడదు, కాబట్టి ఆడపిల్ల అబద్ధమాడుతోంది. ఎంత చక్కటి తర్కం! నన్ను సాక్ష్యం పెట్టి నా కళ్ళ ముందే ఒకమ్మాయిని దొంగని చేస్తుంటే నోరులేని నేను ముల్లు బిగించుకుని నిలబడ్డాను.

మాస్టారు ఆ ఇద్దరి ట్రంకుపెట్టె హాల్లోకి తెప్పించి అందరి ముందూ తెరిచాడు. గున్నమ్మని కూడా పిలిచాడు, చాటుగా పెడుతోందేమోనని ఆమె మీద అనుమానం. బట్టలు తీసి ఒక్కొక్కటే నేల మీద వేశాడు. అడుగున పాత గుడ్డలో కట్టిన మూట బయటపడింది. విప్పితే నువ్వుల చిమ్మిలి. నూకరత్నం వాళ్ళమ్మ ఎప్పుడో పంపింది. ఉండలు ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిపడి ఉన్నాయి. చీమలు పట్టాయి. ఒక్కటీ కొరికిన గుర్తు లేదు.

"అది ముట్టుకోనేదు బాబూ, చూడండి, చీమలు పట్టీసింది" అంది గున్నమ్మ.

"ముట్టుకోకపోతే దాచుకోడం ఎందుకు?"

నూకరత్నం అప్పుడు మాత్రం తలెత్తింది. "మాయమ్మ సేసింది మాస్టారూ. పారీలేక ఉంచుకున్నాను" అంది.

ఆయన ఒక క్షణం ఆగాడు. ఆగినవాడు అక్కడితో వదిలేస్తే ఎంత బాగుండేది! కానీ అంతమంది పిల్లల ముందు మొదలుపెట్టిన అరుపుని మధ్యలో ఆపడం మనుషులకి ప్రాణసంకటం. మూట కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

ఆ తర్వాత నూకరత్నం మాట్లాడడం తగ్గించేసింది. భోజనాల దగ్గర హైమావతి కంచానికి తన కంచం ఆనించి కూర్చునేది. ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరూ ఎప్పుడూ అలాగే కూర్చుంటారు కదా. నాకు మాత్రం ఒక చెయ్యి ఇటునుంచి అటు కదలడం కనిపించేది. ఏమవుతోందో తెలుస్తూనే ఉంది. తెలిసి ఏం లాభం? నాకున్న భాషలో అంకెలు తప్ప మాటలు లేవు.

ఒక పొద్దున్న రెయిన్‌కోటు పరుగు ముగించి నూకరత్నం హాల్లోకొచ్చింది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. మాస్టారు నా వైపు చూపించాడు. ఎక్కింది. నిన్నటి అంకే. ఆయన ఏమీ అనకుండా బిళ్ళలు తగిలించిన ఇనప బార్ వైపు చెయ్యి చూపించాడు. అరవడం కన్నా అది ఘోరంగా ఉంది. పిల్ల వెళ్ళి బార్ పట్టుకుంది. రోజూ అలవోకగా తలపైకి లేపే బరువే. మోకాళ్ళ దాకా తెచ్చింది, ఛాతీ దాకా తెచ్చింది. అక్కడ ఆమె కళ్ళు పైకి తేలిపోయాయి. బార్ జారి చెక్క వేదిక మీద పడిన చప్పుడుకి కిటికీలు అదిరాయి. నూకరత్నం వెనక్కి తూలి పక్కకి ఒరిగి పడింది. నుదురు నా పలక అంచుకి కొట్టుకుంది. రక్తం నా పలక మీదికి కారింది.

గున్నమ్మ కొంగుతో గాయం అదిమి పట్టుకుంది. మాస్టారు నీళ్ళు జల్లుతూ, "తిండి తిననీకుండా ఎవరు చేశారే దీన్ని? సగం పెట్టమన్నాను గానీ మాడ్చమన్నానా?" అని గున్నమ్మ మీద విరుచుకుపడ్డాడు. భయమేసినప్పుడు మనుషులు ముందు వెతికేది నీళ్ళని కాదు, నేరస్తుణ్ణి.

అప్పుడు హైమావతి ముందుకొచ్చింది.

"నానే తిన్నాను!" అని అరిచింది. "దాని కూడు నానే తిన్నాను మాస్టారూ! మీరు పెట్టిన సగంలో మళ్ళీ సగం నా కంచంలో ఏసీసేది. వద్దంటే ఏడిసేది. పారీస్తే గున్నమ్మత్త సూత్తాది, నువ్వు తినీ అనీది. రోజూ నా కూడు, దాని కూడు రెండూ నానే తిన్నాను!"

హైమావతి కళ్ళు తుడుచుకుని, స్నేహితురాలి రక్తం అంటిన నా పలక మీదికి ఎక్కేసింది. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి కుదురుగా నిలబడింది. నా ముల్లు ఊగకుండా నేరుగా వెళ్ళి ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే.

"సూడండి! దొంగ తిండి తిన్నదాన్ని నాను. నాకేటి పెరిగింది? సదవండి మాస్టారూ, అందరికీ వినపడేలాగ సదవండి!"

మాస్టారు నా ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంతసేపు చూడడం అదే మొదలు. చదవలేదు. నూకరత్నాన్ని చేతుల మీదెత్తుకుని, ఆ దెబ్బతిన్న మోకాలితోనే కుంటుతూ గేటు వైపు పరిగెత్తాడు.

నుదుటికి కుట్లు వేసిన డాక్టరమ్మ పేరు సువర్చల. ఆస్పత్రిలో ఆమె మాస్టారుని ఏమందో నేను వినలేదు. రెండు రోజుల తర్వాత పిల్లలందరినీ చూడ్డానికి తనే హాస్టల్‌కి వచ్చింది. కబురందుకుని గౌరమ్మ కూడా వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయిన ఆమెని చూసి మాస్టారు నూకరత్నం ఎక్కడ నుంచి వచ్చిందో అప్పుడే తెలిసినట్టు తెల్లబోయాడు. అదే విశాలమైన భుజాలు, అదే నడుం, కూతురికన్నా ఇంకా లావు.

"ఇంటి దగ్గర ఏం పెట్టేదానివమ్మా పిల్లకి?" అని అడిగాడు. పాత అలవాటు ఇంకా పూర్తిగా చావలేదు.

"ఏటి పెడతాం బాబూ? పొద్దున్న అంబలి, రాత్రి ఇంత కూడు. మాయమ్మా ఇలాగే ఉండీది, నాకన్నా పెద్దది మాయప్పా ఇలాగే. మా పెద్దోడు మాత్రం వాళ్ళ నాన్న పోలిక, పుల్లలాగుంటాడు. ఆ పొయ్యి మీదదే అందరం తిన్నాం."

డాక్టరమ్మ మాస్టారు వైపు తిరిగింది. ఆమెకి విసుగు దాచుకునే ఓపిక లేదని గొంతులోనే తెలిసింది.

"విన్నారా? ఒకే పొయ్యి. ఎత్తు తల్లిదండ్రుల నుంచి వస్తుందంటే ఒప్పుకుంటారు, రంగు వస్తుందంటే ఒప్పుకుంటారు. ఒంటి తీరు కూడా చాలావరకు అలాగే వస్తుందంటే మాత్రం మీకు నోరే కనిపిస్తుంది."

"అంటే తిండికి సంబంధమే లేదంటారా డాక్టరు గారూ?"

"అలా అన్నానా? తిండికి సంబంధం ఉంది. కానీ అదే తిండి అందరిలో ఒకేలా పనిచెయ్యదు. మీ బండిలో, మీ తమ్ముడి బండిలో లీటరు లీటరు పెట్రోలు పోస్తే రెండూ ఒకే దూరం వెళ్తాయా? ఆ హైమావతిని చూడండి, నేను మాట్లాడుతున్నంతసేపూ కాళ్ళు ఆడిస్తూనే ఉంది. దానికి తెలియకుండానే అది ఖర్చు పెట్టేస్తోంది. కొందరికి కడుపు నిండిందన్న కబురు తొందరగా అందుతుంది, కొందరికి ఆలస్యంగా అందుతుంది. కొందరికి నిద్ర చాలక, కొందరికి వాడే మందుల వల్ల, కొందరికి థైరాయిడ్ వల్ల ఒళ్ళు వస్తుంది. ఈ పిల్లకి రక్త పరీక్షలు చేశాను, జబ్బేమీ లేదు. ఒంటి తీరే అంత. పైగా మీరు మాడ్చారు. మాడ్చినప్పుడు ఒళ్ళు ఊరుకుంటుందా? కరువొచ్చిందనుకుని ఖర్చు తగ్గించేసి ఉన్నదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పూర్తిగా అన్నీ మాకూ తెలియవు. తెలియనిచోట పిల్లని దొంగ అనకపోతే చాలు."

మాస్టారు మెడలో వేలాడే ఈలని వేళ్ళ మధ్య తిప్పాడు.

"మరి పోటీ..." అన్నాడు చివరికి.

"పై తరగతి లేదా?"

ఉంది. యాభై తొమ్మిది. ఆ మాట ఆయనకి తట్టకపోలేదు. కానీ ఆ తరగతిలో పక్క జిల్లాల నుంచి కండలు తిరిగిన పిల్లలొస్తారు. వాళ్ళ మధ్య నూకరత్నం తేలిపోతుందని భయం. కింది తరగతిలో పతకం ఖాయమని ఆశ. ఆ ఆశ కోసం పిల్లని కుదించాలని చూశాడు. ఇదంతా నేలకేసి చూస్తూ ఆయనే చెప్పాడు. గౌరమ్మ ఎదుట నిలబడి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు. ఆమె కూతురి నుదుటి కట్టు సవరించింది. నూకరత్నం ఆయన వైపు చూడలేదు. క్షమించిందో లేదో నాకు తెలియదు. పై తరగతికి సరేనంది, అంతే.

తిండి మళ్ళీ నిండుగా వడ్డించారు. కుట్లు ఆరాక బార్ పట్టుకుంది. బలం తిరిగొస్తుంటే పక్కనున్న నాకు నేల అదురులోనే తెలిసేది.

పోటీలకి మాస్టారు, పిల్లలు అందరూ వెళ్ళారు. నేను ఖాళీ హాల్లో బల్లులకి తోడుగా ఉన్నాను. తిరిగొచ్చిన సాయంత్రం గోలంతా విని కథ అల్లుకున్నాను. యాభై తొమ్మిదిలో నూకరత్నమే అందరికన్నా తక్కువ బరువున్న పిల్లట. మొదటి ప్రయత్నం చెడిపోయిందట. మాస్టారు అరవబోయి నోరు మూసుకున్నాడని గున్నమ్మకి చెబుతూ అందరూ నవ్వారు. చివరి ఎత్తులో నిలబెట్టి రెండో స్థానం తెచ్చుకుంది. అకాడమీ సీటు ఖాయం.

హైమావతి మాత్రం యాభై అయిదులో నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఆ రాత్రి నా పక్కనే చాప మీద కూర్చుని ఏడ్చింది. "నీకు తిన్నది ఒంటికి పడతాది, కండవుతాది. నాను ఎంత తిన్నా ఎక్కడికి పోతాదో తెలవదే. అందరూ అదృష్టవంతురాలినంటారు. ఏటే నా అదృష్టం?" అంది. నూకరత్నం ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఒకరికి నిలవడం బాధ, ఒకరికి నిలవకపోవడం బాధ. ఇద్దరినీ రోజూ తూచినదాన్ని, ఇద్దరికీ చెప్పగలిగిన ఓదార్పు ఒక్కటీ నా ముఖం మీద అచ్చు వెయ్యలేదు.

మాస్టారు నన్ను హాలు మధ్య నుంచి తీయించి మూల గదిలో పెట్టించాడు. తలుపు వేసుకుని ఎవరి అంకె వాళ్ళే చూసుకోవచ్చు. గొంతు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు మోచేతులు సరిగ్గా పెట్టలేదని అరుస్తున్నాడు. పోనీ, మోచేతులు సరిచేసుకోదగ్గవి.

నూకరత్నం అకాడమీకి వెళ్ళే రోజు బస్సు టైమైపోతోందని బయట నుంచి హైమావతి కేకలు పెడుతోంది. నూకరత్నం గబగబా నా గదిలోకొచ్చి సంచీతో సహా నా పలక మీద కూర్చుంది. బూట్ల తాళ్ళు కట్టుకుంది. గున్నమ్మ ఇచ్చిన అరటిపండు ఒలుచుకుని రెండు ముద్దల్లో తినేసింది. నేను నా ధర్మం ప్రకారం పిల్లనీ, సంచీనీ, బూట్లనీ, పండునీ కలిపి తూచి ముల్లుని కచ్చితంగా నిలబెట్టాను. ఆమె తొక్క చేత్తో పట్టుకుని లేచింది. నా ముఖం కేసి తలైనా ఎత్తకుండా వెళ్ళిపోయింది.